రెండో మాట

ఇందుమూలంగా ప్రయాణికులకూ, ప్రయాణికుల బంధువులకూ, ఏ బస్సూ ఎక్కకుండా ఊరికే బెంచీల మీద కూర్చునే పెద్దమనుషులకూ తెలియజేయడమేమనగా: మన ఇంటి ఎర్ర ప్లాస్టిక్ మగ్గు పదకొండు రోజులపాటు కనిపించకుండా పోయి, ఆ నేరాన్ని మీ వదిన నా నెత్తిన మోపి, సాక్ష్యం లేకుండానే శిక్ష కూడా అమలు చేసి (నాలుగు రోజులు కాఫీలో పంచదార బందు), చివరికి నిన్న ఉదయం తొమ్మిదీ పదికి బీరువాలో చలికాలం స్వెట్టర్ల కింద దొరికినది. మగ్గులో ఏడు బొత్తాలు, ఒక పాత బస్సు టికెట్టు, సగం కొరికిన బిస్కెట్టు ఉన్నవి. ముద్దాయి వయసు మూడేళ్ళ రెండు నెలలు. నేరం ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు. ప్రయాణికులు గమనించగలరు.

చెల్లాయ్, దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. అంటే మీ వదిన మోకాలూ, నా కింది దవడ పన్నూ, వంటింటి కుళాయీ తప్ప తక్కిన అందరం క్షేమం. మీ లాండ్రీ ఆవిరికి నీ చేతులు పగులుతున్నాయని రాశావు, బావగారి నడుము సంగతి రాశావు. ఆ రెండూ తప్ప మీరూ క్షేమమే అనుకుంటాను.

ఆదివారం ఫోనులో చెప్పక ఇంత కాగితం ఎందుకు ఖరాబు చేస్తున్నావంటావేమో. అక్కడ నీ వెనక పదిమంది వరసలో నిలబడి గొణుగుతుంటే పది నిమిషాల్లో ఏం చెప్పుకుంటాం? అది ఒక కారణం. రెండోది, నా గొంతు సంగతి నీకు తెలుసు. ఇరవై రెండేళ్ళుగా బస్టాండు మైకు ముందు కూర్చుని, రాని బస్సు వస్తోందని జనాన్ని నమ్మించిన గొంతు ఇది. ఫోనులో నేనేం చెప్పినా చెవికి ఇంపుగానే ఉంటుంది. కాగితం మీద ఆ వేషాలు సాగవు.

నీ ఉత్తరంలో నాలుగు ప్రశ్నలున్నాయి. ఎనిమిదో తరగతిలోనే పుస్తకాలకు నమస్కారం పెట్టినవాడికి నాలుగు ప్రశ్నలు ఒక్కసారే ఇవ్వడం ఏం న్యాయం? పరీక్షల్లో చేసినట్టే చేస్తాను. సులువైనవి ముందు. కష్టమైనవి చివరికి మిగిలేవి, ఈలోగా గంట కొట్టేసేవాళ్ళు, నేను బతికిపోయేవాణ్ణి.

ఒకటి, మీ వదిన మోకాలు. మెట్లు దిగుతుంటే టకటకమంటోంది. "ఆ చప్పుడు మైకులో వినిపిస్తే, మూడో నంబరు బస్సు బయల్దేరిందని జనం లేచి నిలబడతారు" అన్నాను. అందుకే ఈ ఉత్తరం మధ్యలో కాఫీ మరక లేదు. కాఫీయే లేదు.

రెండు, మా స్టాండు సూపరింటెండెంటు నన్ను పనిలోంచి తీసేశాడా అని. తియ్యలేదు. ఆయన గొంతుతో "ఈ రోజు ఆఫీసు సిబ్బందికి సగం పూట సెలవు" అని నేను మైకులో చెప్పిన మాట నిజం. ఇద్దరు గుమాస్తాలు నమ్మి ఇంటికి పోయిన మాటా నిజం. ఆయన నన్ను పిలిచి తిట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆగి, "నేను నిజంగా అలాగే మాట్లాడతానా?" అన్నాడు. "లేదండీ, మీరు ఇంకా ముక్కుతో మాట్లాడతారు" అన్నాను. వారం రోజులు టికెట్ల గది నాచేత ఊడ్పించాడు.

ఈ స్టాండులో నాకు రాని గొంతు లేదు. ఒక్క రకం మాత్రం చెయ్యను. చిన్నపిల్లలది. కండక్టర్లు ఎన్నిసార్లు బతిమాలారో. రాదని చెప్పాను. తప్పిపోయిన పిల్లల్ని మా గదిలోకే తీసుకొస్తారు కదా, నాతో వంతులు మార్చుకునే ఇంకో మైకతను అయితే పిల్ల నోటి దగ్గరే మైకు పెట్టి "అమ్మా అని పిలు తల్లీ" అంటాడు. రెండు నిమిషాల్లో తల్లి పరిగెత్తుకొస్తుంది. మంచి పద్ధతే. నేను మాత్రం పేరు కనుక్కుని నేనే పిలుస్తాను. పిల్లల నోటి దగ్గర మైకు పెట్టను. ఎందుకో తర్వాత రాస్తాను.

మూడు, మా గదులకి తలుపులెందుకు లేవని. "పిల్ల తిరిగే ఇల్లు, వంటింటికైనా తలుపు పెట్టించు అన్నయ్యా" అన్నావు. చెదలు పట్టాయని నీకు చెప్పాను. వానకి ఉబ్బిపోయాయని మీ వదినకి చెప్పాను. గాలి ఆడటం లేదని వడ్రంగికి చెప్పాను. మూడూ అబద్ధాలే. ఈ ఇంట్లో దిగిన వారంలోనే వీధి తలుపూ స్నానాలగది తలుపూ తప్ప అన్నీ నేనే ఊడదీయించాను. ఇది కూడా తర్వాత. చూశావా, కష్టమైనవన్నీ ఎలా వెనక్కి జరుగుతున్నాయో.

నాలుగోది నువ్వు అన్నిటికంటే పైన రాసి, కింద గీత కూడా గీశావు. "నా తల్లి ఏమైనా మాట్లాడిందా?"

లేదు చెల్లాయ్.

నువ్వు నీ పిల్లని మా దగ్గర వదిలి వెళ్ళి ఏడు నెలలు. బుడంకాయ (నేనలాగే పిలుస్తున్నాను, బావగారికి చెప్పకు) అంగుళమున్నర పెరిగింది. వంటింటి గట్టు అందుతోంది. బొత్తాలు ఏ రంగువి ఆ రంగు వేరుచేసి కిటికీ అంచున వరస పెడుతుంది. అది పక్కకి తిరిగినప్పుడు ఒకటి జరిపి చూశాను. వచ్చి, నా మొహం చూడకుండా, దాన్ని మళ్ళీ దాని చోట పెట్టింది. కుళాయి చుక్క పడితే పక్క గదిలోంచి వస్తుంది. పేరు పెట్టి పిలిస్తే పక్కనే ఉండి తిరగదు. ఏం కావాలన్నా నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయి ఆ వస్తువు మీద పడేస్తుంది, నేనేదో పట్టకారు అయినట్టు. వేలు పెట్టి చూపించదు. నవ్వు మాత్రం ఉంది. నేను తుమ్మితే నవ్వుతుంది. అందుకని రోజుకి పాతిక తుమ్ములు తుమ్ముతున్నాను, జలుబు లేకపోయినా.

ఆ ప్రశ్న కిందే జవాబు కూడా నువ్వే రాసేశావు. "కంగారు పడకండి, ఇది మన రక్తంలోనే ఉంది. చిన్నన్నయ్య కూడా ఐదేళ్ళదాకా నోరు విప్పలేదు కదా. ఆ తర్వాత ఒకరోజు గదిలోంచి 'అమ్మా, నీళ్ళు' అన్నాడు కదా. అమ్మ చెవులారా విన్నది కదా. పాపం ఆయుష్షు లేక పోయాడు గానీ, ఉంటే వాడే మనందరి నోళ్ళూ మూయించేవాడని అమ్మ అనేది. దీనికీ ఐదేళ్ళు రానివ్వండి. డాక్టర్ల చుట్టూ తిప్పి ముద్ర వేయించకండి. వచ్చే నెల వచ్చి తీసుకెళ్తాం." పక్కన బావగారు తన చేత్తో ఒక ముక్క చేర్చారు, ఆడపిల్ల తక్కువ మాట్లాడితే మంచిదేనని. ఆయనకి చెప్పు, ఆ లెక్కన మీ వదినంత చెడ్డ మనిషి ఈ భూమ్మీద లేదు. ఆ చెడ్డ మనిషే వాళ్ళ పిల్లకి మూడు పూటలా అన్నం పెడుతోంది.

ఇక నీకు కోపం వచ్చే సంగతి.

రెండు నెలల కింద ఒక మధ్యాహ్నం బుడంకాయ బస్టాండులో తప్పిపోయింది. మీ వదిన మోకాలు చూపించుకోవడానికి వెళ్తూ దాన్ని నా గదిలో కూర్చోబెట్టింది. నేను ఒక బస్సు సంగతి మైకులో చెప్పి వెనక్కి తిరిగేసరికి కుర్చీ ఖాళీ. ఇన్నేళ్ళలో ఎన్ని వందల మంది పిల్లల్ని తల్లులకి అప్పగించానో నాకే తెలీదు. అందరికీ ఒకటే పద్ధతి. నీ పేరేంటి, అమ్మ పేరేంటి, అమ్మ ఏ రంగు బట్టలు కట్టుకుంది. ఖాళీ కుర్చీ ముందు నిలబడ్డాక గానీ నాకు తట్టలేదు, మన పిల్ల ఎవరికి దొరికినా మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుందని.

మైకులో పిలిచాను. నా గొంతుతో పిలిచాను. మీ వదిన గొంతుతో పిలిచాను. నీ గొంతుతో కూడా పిలిచాను చెల్లాయ్. పద్దెనిమిది స్పీకర్లలో తుమ్మాను. జనం నవ్వారు, వీడికిది మామూలేననుకున్నారు. నలభై ఏడేళ్ళు జనాన్ని నవ్వించినవాడు నిజంగా ఏడిస్తే కూడా నవ్వుతారని ఆ రోజు తెలిసింది.

ఇరవై నిమిషాల తర్వాత స్టాండు ఊడ్చే ఆవిడ వచ్చి నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. టికెట్ల గది వెనక, సరిగ్గా స్పీకరు కింద, ఆగి ఉన్న బస్సు పక్కన గొంతుక్కూర్చుని, చక్రానికున్న నట్లు ఒక్కొక్కటే తాకుతోంది మన పిల్ల. నెత్తి మీద నేను దాని పేరు అరుస్తున్నంతసేపూ అది తల ఎత్తలేదు. ఆ బస్సు ఇంకో నాలుగు నిమిషాల్లో కదలాలి. కదులుతోందని మైకులో చెప్పాల్సింది నేనే.

ఊడ్చే ఆవిడ పిల్లని ఎత్తి నా చేతికిచ్చి, "చెవులు చూపించారా?" అంది.

"చెవులు బాగానే ఉన్నాయి. బిస్కెట్టు పొట్లం చప్పుడు వీధి చివర నుంచి వింటుంది."

"మా అక్క మనవరాలూ అంతే. పెద్దాసుపత్రి వెనక పిల్లల కేంద్రం ఉంది. ముందు చెవులు చూస్తారు, తర్వాత కూర్చోబెట్టి ఆడిస్తారు. మేం ఆరేళ్ళకి తీసుకెళ్ళాం. ఇన్నాళ్ళూ ఏం చేశారమ్మా అన్నారు. నువ్వు ఆ మాట అనిపించుకోకు బాబూ. నీ నోరు చూసి చెప్పట్లేదు, దాని నోరు చూసి చెబుతున్నా."

నీకు చెప్పకుండా తీసుకెళ్ళాను. మనం ఫోనులో ఎండల గురించీ వానల గురించీ మాట్లాడుకున్న ఆ ఆదివారాలన్నీ ఇదే దాచాను. తిట్టుకో. కానీ చదువు.

చెవులు బాగానే ఉన్నాయని తేల్చారు. తర్వాత ఒక గదిలోకి పంపారు. కుర్చీలు లేవు, చాప ఉంది. మాటలు నేర్పే టీచరట, పాతికేళ్ళు దాటి ఉంటాయి, నేల మీద కూర్చుని కూర్చుని ప్యాంటు మోకాళ్ళ దగ్గర తెల్లబడింది. పెన్సిలు చెవి మీద. పిల్లని ఏమీ అడగలేదు. పక్కన కూర్చుని తనూ బొత్తాలు వరస పెట్టడం మొదలుపెట్టింది. నేను ఊరుకోలేక, "నమస్కారం పెట్టు తల్లీ, టీచరుగారికి పేరు చెప్పు, సిగ్గండీ దీనికి, ఇంట్లో అయితేనా..." అని అందుకున్నాను.

"మామయ్యగారూ, పది లెక్కపెట్టేదాకా మాట్లాడకుండా ఉండగలరా?" అంది.

"పదా? మూడు దాటితే ఈ ఇల్లు మీ పేర రాసిస్తాను టీచరమ్మా" అంది మీ వదిన, ఇల్లేదో తన పుట్టింటివాళ్ళు కట్టించినట్టు.

అద్దంలాంటి డబ్బాలో బిస్కెట్లు పెట్టి, మూత బిగించి, బుడంకాయ ముందు పెట్టింది టీచరు. అది తిప్పింది, కొరికింది, రాలేదు. వచ్చి నా చెయ్యి పట్టుకుని డబ్బా మీద పడేసింది. నేను మూత తీయబోతే, "ఆగండి" అంది. మనసులో లెక్కపెట్టాను. చెల్లాయ్, పది అంకెలు అంత దూరంగా ఉంటాయని నాకు తెలీదు. ఏడు దగ్గర అది నా చెయ్యి వదిలేసి, తలెత్తి, నా మొహంలోకి చూసింది. అన్ని నెలల్లో మొదటిసారి నా చెయ్యి కాకుండా నేను కనిపించాను దానికి.

"చూశారా, అడిగింది" అంది టీచరు, మూత తీసి ఇస్తూ. "నోటి మాట కంటే ముందు చూపు వస్తుంది, వేలు వస్తుంది, వంతు వస్తుంది. మీరంతా ప్రేమతోనే చేస్తున్నారు, కాదనను. కానీ అడగకముందే ఇచ్చేస్తున్నారు. తన బదులు మీరే మాట్లాడేస్తున్నారు. తన బదులు మాట్లాడకండి."

ఆ ముక్క నాకు తగలాల్సిన చోటే తగిలింది. ఎక్కడో కూడా తర్వాత రాస్తాను. దగ్గరికొచ్చేశాంలే.

తర్వాత కాగితం తీసి ఇంట్లోవాళ్ళ సంగతులు అడగడం మొదలుపెట్టింది. కాన్పు ఎలా జరిగింది, ఎప్పుడు నడిచింది, మీ ఇంట్లో ఆలస్యంగా మాట్లాడినవాళ్ళు ఎవరైనా ఉన్నారా. మీ వదిన మొహం వెలిగిపోయింది.

"ఉన్నారండీ. మా చిన్న మరిది. నేను చూడలేదు, మా అత్తగారు చెప్పేది. ఐదేళ్ళదాకా ఒక్క మాట లేదు. ఒకరోజు ఉన్నట్టుండి, 'అమ్మా, నీళ్ళు' అన్నాడట. స్పష్టంగా."

టీచరు రాసుకుంది. రాస్తూనే, "ఆ తర్వాత?" అంది.

"ఆ తర్వాత ఎన్నాళ్ళో లేడండీ. ఎనిమిది నెలలకే కడుపునొప్పితో పోయాడు."

"అయ్యో." పెన్సిలు ఆగింది. "ఆ ఎనిమిది నెలల్లో ఇంకేం మాట్లాడాడు? రెండో మాట ఏంటి?"

మీ వదిన నా వైపు చూసింది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆ కథ మన ఇంట్లో ఎంతమందికి చెప్పుకున్నామో. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళకి కూడా చెప్పింది అమ్మ. విన్నవాళ్ళందరూ ముక్కున వేలేసుకున్నారు, కళ్ళు తుడుచుకున్నారు. రెండో మాట ఏంటని ఒక్కరు అడగలేదు. నువ్వూ అడగలేదు.

"రెండో మాటా? మా ఇంట్లో నేనే అన్నీ మాట్లాడేస్తాను కదండీ, వాడికి మిగల్లేదు" అన్నాను.

టీచరు నవ్వలేదు. నన్ను కాసేపు చూసింది, బిస్కెట్టు డబ్బా ముందు బుడంకాయని చూసినట్టే. తర్వాత ఆ కథ పక్కన ఒక ప్రశ్న గుర్తు వేసింది. నా కళ్ళతో చూశాను.

ఏ ముద్రా వెయ్యలేదు చెల్లాయ్. ఒక పేరు పెట్టాలంటే ఇంకొంత కాలం చూడాలంది. పేరు తేలేదాకా సాయం ఆపక్కర్లేదు, మూడేళ్ళకి మొదలుపెట్టడమూ ఐదేళ్ళకి మొదలుపెట్టడమూ ఒకటి కాదు అంది. "మాట్లాడుతుందా?" అని మీ వదిన అడిగితే, "నేను మాటివ్వలేనమ్మా. తనకేం కావాలో, ఎక్కడ నొప్పో చెప్పడం మాత్రం నేర్పడానికి చూస్తాను. నోటితోనో, చేత్తోనో, బొమ్మతోనో" అంది.

ఎక్కడ నొప్పో. అప్పటి నుంచి మైకు మీట నొక్కగానే ముందు వచ్చే ఆ సన్నటి హోరు ఉంటుందే, దాంట్లో నాకు ఆ మాట వినిపిస్తోంది. అంతకుముందు వేరేది వినిపించేది. మైకు ముందు కూర్చున్న ఇరవై రెండేళ్ళూ వినిపించేది.

ఆరు వారాలు మేనమామ సంతకం మీద తీసుకున్నారు. వారానికి మూడు రోజులు. ఇంట్లో ఏం చెయ్యాలో నాకూ మీ వదినకీ కూడా పాఠాలు. నేను ఇప్పుడు పది దాకా లెక్కపెట్టగలను, నమ్మవు గానీ. ఫ్రిజ్ తలుపు మీద ఒక అట్ట తగిలించాం. దాని మీద పిల్ల బొమ్మ: తల, చెవి, పొట్ట, కాలు. ఎక్కడ దెబ్బ తగిలినా టీచరు చెప్పినట్టు తీసుకెళ్ళి బొమ్మ మీద అదే చోట దాని వేలు పెట్టించడం. నెలరోజులు ఆ అట్ట దానికి గోడతో సమానం. 

పోయిన మంగళవారం పొద్దున్నుంచీ ఏడుపు. బొత్తాలు విసిరేసింది. అన్నం తోసేసింది. "మొండితనం, నీ పోలికే" అని నన్ను తిట్టింది మీ వదిన. సరిగ్గా ఆ మాటే, సరిగ్గా ఆ విసుగుతోనే, ఇంకో వంటింట్లో విన్నాను నేను. చెదిరిన బొత్తాలు ఏరుతూ నేల మీద కూర్చున్నాను. బుడంకాయ ఏడుస్తూనే వచ్చి నా చూపుడు వేలు పట్టుకుంది. ఫ్రిజ్ దగ్గరికి లాక్కుపోయింది. నా వేలు తీసి ఆ బొమ్మ చెవి మీద పెట్టి నొక్కింది. గట్టిగా. పెట్టి, నా మొహంలోకి చూసింది.

డాక్టరు చూసి, లోపల చీము పట్టడం మొదలైంది, ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే ఇబ్బంది అయ్యేదన్నాడు. ఇప్పుడు బాగుంది. మందు చేదట, నా చొక్కా మీద ఉమ్మింది.

దీనితోపాటు ఒక ఫారం పెట్టాను. ఏడాదిపాటు కొనసాగించాలంటే కన్నవాళ్ళ సంతకం కావాలట. ఇరవయ్యో తారీఖుదాకా మన పిల్ల చోటు వేరేవాళ్ళకి ఇవ్వనంది టీచరు. నీ సంతకం నేను అచ్చుగుద్దినట్టు పెట్టగలను. నీ మార్కుల కాగితాల మీద నాన్న సంతకం పెట్టిందెవరు మరి? పెన్ను తీశాను కూడా. మళ్ళీ మూత పెట్టేశాను. ఒకసారి ఒకరి బదులు నేను నోరు విప్పాను, అది చాలు. ఇది నువ్వే పెట్టాలి. మీ క్వార్టర్ల దగ్గర ఇలాంటి కేంద్రం మాట అటుంచు, పిల్లల డాక్టరు కూడా లేడని నువ్వే చెప్పావు. పిల్లని తీసుకెళ్ళడానికి కాదు, పిల్ల దగ్గర ఉండటానికి రా. బావగారు కొన్నాళ్ళు తన అన్నం తను వండుకుంటే నడుము కూడా బాగుపడుతుంది.

చిన్నన్నయ్యలాగే ఐదేళ్ళకి మాట్లాడుతుందంటావు. సరే. గంట కొట్టేలోగా ఆ ఒక్క ప్రశ్న కూడా రాసేస్తాను.

ఆ రోజు నువ్వు చంకలో పిల్లవి. అమ్మ నీకు చెప్పిన కథలో సంచి లేదు. నీలం రంగు గుడ్డ సంచి. దూరాన ఒక ఊళ్ళో మాట రాని పిల్లలకి నేర్పే టీచరు ఉందని ఎవరో చెప్పారు. అమ్మ ఏడాది అక్కడే గది తీసుకుని ఉండాలి. చిన్నోడినీ, పాలు తాగే పిల్లవి కాబట్టి నిన్నూ తీసుకెళ్తుంది. నాకు తొమ్మిదేళ్ళు, బడి ఉంది, నాన్న దగ్గర ఉండాలి. సంచి సర్దడం అయిపోయింది. మర్నాడు ప్రయాణం. అమ్మ వంటింట్లో ఉంది. చిన్నోడు పక్క గదిలో నేల మీద కూర్చుని చెంచాలు వరస పెడుతున్నాడు. ఆ గది తలుపు వారగా వేసి ఉంది. అప్పుడు వినిపించింది, "అమ్మా, నీళ్ళు" అని. అమ్మ చేతిలో గిన్నె పడేసి పరిగెత్తింది. వాడికి గ్లాసుడు నీళ్ళిచ్చింది. గడగడా తాగేశాడు, నిజంగా దాహం వేసి ఉన్నట్టే. అమ్మ వాణ్ణి పట్టుకుని ఏడ్చింది, నవ్వింది, వీధిలోకెళ్ళి అందరికీ చెప్పింది. సాయంత్రం సంచి విప్పేసింది. మాట వచ్చేశాక టీచరెందుకు?

ఎనిమిది నెలలు రెండో మాట కోసం వాడి నోటి వైపే చూసింది. తర్వాత వాడికి జబ్బు చేసింది. రెండు రోజులు ముడుచుకుపడుకుని ఏడ్చాడు, అన్నం తోసేశాడు. నాన్న డాక్టరు దగ్గరికి వెళ్దామంటే అమ్మ అంది, "నీళ్ళు కావాలంటే అడిగినవాడు, నొప్పయితే చెప్పడా? మొండితనం." మూడో రోజు తీసుకెళ్ళారు. అప్పటికే కడుపులో పేగు చిట్లిపోయిందన్నారు.

అమ్మ పోయే ముందు వారం, నేను పక్కన కూర్చుని నర్సు గొంతు చేసి నవ్విస్తుంటే, "అందరి గొంతులూ చేస్తావు కదరా, ఒక్కసారి వాడిలా పిలవరా" అంది. "వాడి గొంతు నాకు గుర్తు లేదమ్మా" అన్నాను. చాలాసేపు నా మొహం చూసింది. తెలిసి అడిగిందో, తెలియక అడిగిందో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

చెల్లాయ్, ఆ కథలో సంచి నిజం. గిన్నె నిజం, గ్లాసుడు నీళ్ళు నిజం, అమ్మ ఏడుపు నిజం. ఆ రెండు ముక్కలే కల్పితం. చిన్నోడు ఐదేళ్ళకి మాట్లాడలేదు. ఎప్పుడూ మాట్లాడలేదు. అమ్మ నన్ను వదిలి వెళ్ళకూడదని, వారగా వేసిన తలుపు వెనక నక్కి, చిన్న గొంతు పెట్టి, ఆ మాట అన్నది నేను. మన రక్తంలో ఆలస్యంగా వచ్చే మాటేమీ లేదు. ఉన్నదల్లా నా అబద్ధం ఒక్కటే. దాన్ని నమ్ముకుని నువ్వు ఇంకో రెండేళ్ళు ఆగకు.

నీ సంచి సర్దుకుని రా. ఈసారి విప్పించడానికి మా ఇంట్లో తలుపులు లేవు.

ఇట్లు,
తలుపు వెనక నిలబడిన
నీ పెద్దన్నయ్య